33 వారాలకే పుట్టిన పాప ఇంటికొచ్చాక: ముందు వెచ్చదనం, తర్వాతే మిగతావన్నీ

మీరు అడిగినవన్నీ ముందు ఒకచోట పెడతాను. మీ పాప 33 వారాలకే, 1.6 కిలోల బరువుతో పుట్టింది. బెంగళూరులోనే ఎన్‌ఐసీయూలో, అంటే పసిపిల్లల ఐసీయూలో, 19 రోజులు ఉండి, మూడు రోజుల కిందట మారతహళ్లిలో మీ ఇంటికి వచ్చింది. ఇప్పుడు బరువు 1.85 కిలోలు. పాలు తాగడానికి ముప్పావుగంట పడుతోంది, మధ్యలోనే నిద్రపోతోంది. ఊపిరి ఆగి ఆగి తీస్తున్నట్టు అనిపిస్తోంది. ఒంగోలు నుంచి వచ్చిన మీ అత్తగారు నూనె రాసి తలంటుదామని, సాంబ్రాణి వేద్దామని అంటున్నారు. ఆసుపత్రిలో ఉండటం వల్ల ఆగిపోయిన బారసాల కోసం ఊరికి తీసుకెళ్దామని కూడా అంటున్నారు. వీటన్నిటి మధ్య మీకు నిద్ర లేదు.

నేను చాలా ఏళ్లుగా నవజాత శిశువుల విభాగంలో నర్సుగా పనిచేస్తున్నాను, అందులో ఎక్కువ కాలం ఈ ఊళ్లోనే. మీ డిశ్చార్జి కాగితంలో డాక్టరుగారు రాసినదానికీ నేను చెప్పేదానికీ తేడా ఉంటే డాక్టరు మాటే పాటించండి. పాపను చూసింది వాళ్లు, నేను చూడలేదు.

నెల తక్కువ బిడ్డ గురించి ఇంటి నుంచి ఎవరు ఫోన్ చేసినా నేను మొదట అడిగేది ఒక్కటే: పాదాలు ఇప్పుడు ఎలా ఉన్నాయి? పాలు తాగట్లేదు, మగతగా ఉంది, బరువు పెరగట్లేదు అని వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటి వెనక చలి ఉంటుంది. అది ఎవరికీ తట్టదు, ఎందుకంటే ఆ గదిలో మనకు చలిగా అనిపించదు.

కడుపులో చివరి రెండు నెలల్లోనే బిడ్డ ఒంటికి కొవ్వు పడుతుంది. మెడ వెనక, భుజాల మధ్య ఉండే బ్రౌన్ ఫ్యాట్ కూడా ఎక్కువగా అప్పుడే చేరుతుంది. పసిపిల్లలు మనలా వణికి వేడి పుట్టించుకోలేరు, ఆ కొవ్వునే కరిగించుకుంటారు. మీ పాపకు ఆ చివరి నెలలు దొరకలేదు. పైగా బరువుతో పోలిస్తే చర్మం విస్తీర్ణం ఎక్కువ కాబట్టి వేడి త్వరగా పోతుంది. చలి తగిలితే ఆక్సిజన్, రక్తంలో చక్కెర రెండూ ఎక్కువ ఖర్చవుతాయి. చక్కెర తగ్గితే మగత వస్తుంది, మగతలో పాలు తాగదు, తాగకపోతే ఇంకా చల్లబడుతుంది. ఈ చుట్టు మొదలైతే కొన్ని గంటల్లోనే బిడ్డ నీరసించిపోతుంది.

అందుకే రోజుకు నాలుగైదు సార్లు మీ చేతి వెనక భాగంతో ముందు పాప పొట్ట, తర్వాత పాదాలు తాకి చూడండి. రెండూ వెచ్చగా ఉంటే బాగుంది. పొట్ట వెచ్చగా ఉండి పాదాలు చల్లగా ఉంటే చలి పట్టడం మొదలైంది, వెంటనే ఎదకు హత్తుకోవాలి. రెండూ చల్లబడితే అది ప్రమాదం. ఒక డిజిటల్ థర్మామీటర్ కూడా కొనుక్కోండి. చంకలో పెట్టి, బీప్ వచ్చేదాకా చేతిని ఒంటికి ఆనించి పట్టుకోండి. 36.5 నుంచి 37.5 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి, ఫారెన్‌హీట్‌లో అయితే 97.7 నుంచి 99.5.

ఒంగోలు ఎండలు చూసిన పెద్దవాళ్లకు బెంగళూరు చల్లగా, హాయిగా ఉంటుంది. మీ పాపకు ఈ ఊరు ఆ హాయినివ్వదు. డిసెంబరు, జనవరి రాత్రుల్లో 15, 16 డిగ్రీలకు దిగుతుంది, వానాకాలంలో కూడా గోడలు చల్లబడతాయి, మన అపార్ట్‌మెంట్లలో గది వేడిచేసే ఏర్పాటు ఉండదు. పాప ఉన్న గది 26 నుంచి 28 డిగ్రీలు ఉండాలి, అంటే మీకు కొంచెం ఉక్కగా అనిపించాలి. ఏసీ వద్దు. ఫ్యాన్ వేస్తే చిన్నగా, గాలి నేరుగా పాప మీదికి రాకుండా చూసుకోండి. నూనెతో నిండిన రేడియేటర్ రకం హీటర్ దొరికితే దూరంగా పెట్టి వాడుకోవచ్చు. బాలింత మంచం కింద కుంపటి పెట్టే అలవాటు మీ ఇంట్లో ఉంటే మాత్రం ఇక్కడ వద్దే వద్దు. తలుపులూ కిటికీలూ మూసిన ఫ్లాట్‌లో బొగ్గు రాజేస్తే కార్బన్ మోనాక్సైడ్ నిండుతుంది. దానికి వాసన ఉండదు, తల్లీ బిడ్డా నిద్రలోనే పోయే ప్రమాదం ఉంది. వేడినీళ్ల సీసాలు పాప పక్కన పెట్టడం కూడా వద్దు, ఆ లేత చర్మం ఇట్టే కాలుతుంది.

వీటన్నిటికంటే మంచి హీటర్ మీ ఎద. ఆసుపత్రిలో మీతో కంగారూ మదర్ కేర్, అంటే పాపను చర్మానికి చర్మం ఆనేలా ఎదకు కట్టుకోవడం, చేయించే ఉంటారు. చాలామంది ఇంటికి రాగానే అది ఆపేస్తారు, ఆసుపత్రి పని ఆసుపత్రితో అయిపోయిందనుకుంటారు. దయచేసి ఆపకండి. పాప 2.5 కిలోలు దాటేదాకా, లేదా తనే ఇక ఉండనని కాళ్లతో తన్నుకుని బయటికి జారేదాకా చేయండి.

1978లో కొలంబియా రాజధాని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక డాక్టర్ ఎడ్గర్ రే దీన్ని మొదలుపెట్టారు. అలా పుట్టింది కాబట్టి చాలాకాలం దీన్ని పేద దేశాల సర్దుబాటుగానే చూశారు. ఇప్పుడు అలా అనుకునే వీల్లేదు. భారత్, ఘానా, మలావి, నైజీరియా, టాంజానియా దేశాల్లో చేసిన ఒక పెద్ద అధ్యయనం 2021లో వెలువడింది. మన దేశం నుంచి ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి అందులో ఉంది. కిలో నుంచి 1.8 కిలోల లోపు పిల్లల్లో, పరిస్థితి కుదుటపడ్డాక మొదలుపెట్టిన వాళ్లతో పోలిస్తే పుట్టిన వెంటనే తల్లి ఎద మీద పెట్టిన వాళ్లలో 28 రోజుల లోపు మరణాలు 25 శాతం తగ్గాయి. ఆ తర్వాతే, 2022లో, ప్రపంచ ఆరోగ్య సంస్థ నెలలు నిండని, తక్కువ బరువు పిల్లలందరికీ రోజుకు 8 నుంచి 24 గంటలు ఇది చేయాలని చెప్పింది. మన కర్ణాటకలో కూడా బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాల వాళ్లు కొప్పళ జిల్లాలో ప్రభుత్వంతో కలిసి దీన్ని ఆసుపత్రుల నుంచి ఇళ్లదాకా తీసుకెళ్లారు.

చేసే పద్ధతి మరొక్కసారి చెప్తాను. పాపకు డైపర్, టోపీ, సాక్సులు మాత్రమే ఉంచండి. మీరు ముందు తెరుచుకునే నైటీ వేసుకోండి. పాపను నిలువుగా మీ రొమ్ముల మధ్య, చర్మానికి చర్మం ఆనేలా పెట్టండి. తల ఒక పక్కకు తిరిగి, గడ్డం కొద్దిగా పైకి ఉండాలి, ఎదకు వంగిపోతే ఊపిరి అందదు. కాళ్లు కప్ప కాళ్లలా ముడిచి ఉండాలి. పాత మెత్తటి నూలు చీరతో పాప చెవి కింది దాకా వచ్చేలా చుట్టి కట్టండి. మీరు వెనక్కి కొంచెం వాలి, దిండ్ల ఆసరాతో కూర్చోండి. ఒక్కసారి పెడితే కనీసం గంట ఉంచండి. పది నిమిషాలకోసారి తీసి పెడుతుంటే నిద్ర చెడి పాపకు అలసటే మిగులుతుంది. సిజేరియన్ అయినా చేయొచ్చు. వంట చేస్తూ, వేడివి మోస్తూ చేయకూడదు. సోఫాలో ఒరిగి మీకు నిద్ర ముంచుకొస్తుంటే పాపను ఇంకొకరికి ఇవ్వండి.

ఆ ఇంకొకరు ఎవరు? మీ ఆయన. ఇంటి నుంచే పని అన్నారు కదా, చొక్కా విప్పి పాపను కట్టుకుని లాప్‌టాప్ ముందు కూర్చోవచ్చు. మీ అత్తగారు కూడా. ఇది నేను గట్టిగా చెప్తున్నాను. అమ్మమ్మలకూ నాన్నమ్మలకూ మనం "అది చేయొద్దు, ఇది చేయొద్దు" అనడం తప్ప ఏ పనీ అప్పజెప్పం. అంత దూరం నుంచి మనవరాలి కోసం వచ్చిన ఆవిడకు చేతినిండా పని కావాలి. మధ్యాహ్నం రెండు గంటలు పాపను నాన్నమ్మ ఎద మీద పెట్టండి, మీరు పడుకోండి. వారం తిరిగేసరికి పాప పాదాలు ఎప్పుడు చల్లబడ్డాయో ఆవిడే మీకంటే ముందు చెప్తారు. ఇలా ఎంతోమంది ఇళ్లలో చూశాను.

పాల సంగతికి వద్దాం. చప్పరించడం, మింగడం, ఊపిరి తీయడం ఈ మూడూ ఒక వరసలో కుదరడం 34 వారాల ప్రాంతంలో మొదలవుతుంది. కడుపులో ఉన్న వారాలతో కలిపి మీ పాపకు ఇప్పుడు 36 వారాలు. పద్ధతి వచ్చింది, బలం ఇంకా రాలేదు. రొమ్ము దగ్గర ముప్పావుగంట కష్టపడితే తాగిన పాలలో కొంత ఆ శ్రమకే పోతుంది. కాబట్టి ప్రతిసారీ రొమ్ము దగ్గర 20 నిమిషాలు పట్టించి, తర్వాత పిండి ఉంచుకున్న మీ పాలనే ఉగ్గుగిన్నెతో పట్టండి. మొత్తం అరగంటలో అయిపోవాలి. పాప ఏడ్చేదాకా ఆగకండి. ఈ వయసు పిల్లలు ఆకలేసినా ఏడవరు, నిద్రపోతూనే ఉంటారు. పగలైనా రాత్రైనా రెండు రెండున్నర గంటలకోసారి మీరే లేపాలి. లేపడానికి పక్క దుప్పటి తీసి, డైపర్ మార్చి, అరికాలు నిమిరితే చాలు.

ఎంత తాగాలి? ఈ వయసులో సాధారణంగా కిలో బరువుకు రోజుకు 150 నుంచి 180 ఎంఎల్ లెక్క వేస్తాం. 1.85 కిలోలకు 300 ఎంఎల్ చుట్టుపక్కల వస్తుంది. రోజుకు పది సార్లు పడితే ఒక్కోసారికి 30 ఎంఎల్. రొమ్ము దగ్గర తాగింది కొలవలేం కాబట్టి ఈ అంకె మీద బెంగ పెట్టుకోకండి. రోజుకు ఆరు నుంచి ఎనిమిది సార్లు మూత్రం పోస్తోందా, వారం వారం బరువు పెరుగుతోందా అన్నవే అసలు గుర్తులు. రోజుకు 20 నుంచి 30 గ్రాములు పెరిగితే మంచిదే. ఇంట్లో ప్రతి రోజూ తూచకండి, ఈ రోజు 10 గ్రాములు తగ్గిందని మీకు టెన్షన్, ఆ టెన్షన్‌కు పాలు తగ్గడం. వారానికోసారి ఒకే కాటా మీద, బట్టలు లేకుండా తూస్తే చాలు.

ఉగ్గుగిన్నె వాడే తీరు గురించి ఒక జాగ్రత్త. మన పెద్దవాళ్లు కాళ్లు చాపుకుని, బిడ్డను కాళ్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి పాలు పోసేవారు. ఇంత చిన్న బిడ్డకు అలా పోస్తే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పాపను సగం కూర్చున్నట్టు ఒళ్లో పట్టుకుని, గిన్నె మూతిని పెదవి మూలకు ఆనించి, కొద్దికొద్దిగా వంచండి. తను నాకుతూ మింగుతుంది, మింగాక మళ్లీ వంచాలి. నిద్రలో ఉన్నప్పుడు పట్టకూడదు. అయ్యాక భుజాన వేసుకుని త్రేన్పు తెప్పించండి. గిన్నెను ప్రతిసారీ సబ్బుతో కడిగి నీళ్లలో మరిగించాలి.

సీసా పెట్టొచ్చా అని అడిగారు. నేనైతే పెట్టను. సీసా పీకకు అలవాటైన చిన్న పిల్లలు రొమ్మును సరిగా పట్టుకోవడం తగ్గుతుంది, పీక శుభ్రంగా ఉంచడమూ కష్టం, విరేచనాలు పట్టుకుంటాయి. రెండేళ్ల లోపు పిల్లల పాలపొడికీ పాల సీసాలకూ ప్రకటనలు ఇవ్వకూడదని మన దేశంలో 1992 నాటి చట్టమే ఉంది. మీ పాలు నిజంగా చాలకపోతే డాక్టరును అడిగి, ఆయన చెప్పిన పొడి, చెప్పిన కొలత. పలచన చేయొద్దు, ఆవుపాలు వద్దు.

పాలు పెరగాలంటే తీస్తూ ఉండాలి. పాప సరిగా తాగనంతకాలం రోజుకు ఎనిమిది సార్లు పిండండి, అందులో ఒక్కసారైనా నడిరాత్రి. పాలు ఉత్పత్తి చేయించే హార్మోన్ రాత్రిపూటే ఎక్కువగా ఉంటుంది. పిండిన పాలు గది వేడిలో నాలుగు గంటలు, ఫ్రిజ్‌లో లోపలి అరలో ఒక రోజు ఉంచుకోవచ్చు. వేడినీళ్ల గిన్నెలో సీసా పెట్టి గోరువెచ్చగా చేయండి, పొయ్యి మీద గానీ మైక్రోవేవ్‌లో గానీ వద్దు. బాలింతకు నీళ్లు తక్కువ ఇవ్వాలి, కూరలు వద్దు, కారప్పొడి అన్నమే అనే పథ్యం మీ ఇంట్లో ఉంటే అది పక్కన పెట్టండి. పప్పు, ఆకుకూర, గుడ్డు, పెరుగు, దాహం వేసినన్ని నీళ్లు, ఇవన్నీ కావాలి మీకు.

ఊపిరి గురించి మీ భయం నాకు తెలుసు. నెల తక్కువ పిల్లలు గబగబా నాలుగు ఊపిర్లు తీసి, ఐదు నుంచి పది సెకన్లు ఆగి, మళ్లీ మొదలుపెడతారు. రంగు మారకుండా ఉంటే అది మామూలే, కొన్ని వారాల్లో పోతుంది. 20 సెకన్లు దాటి ఆగినా, పెదవులు నీలంగా మారినా, ఒళ్లు వాలిపోయినా అది వేరు. వీపు రుద్దండి, అరికాలి మీద వేలితో కొట్టండి, ఊపిరి మళ్లీ మొదలైనా సరే ఆసుపత్రికి వెళ్లండి. మొదలవ్వకపోతే 108కి ఫోన్ చేసి, డిశ్చార్జి రోజున ఊపిరి ఇవ్వడం నేర్పి ఉంటే ఆ పద్ధతిలో వెంటనే మొదలుపెట్టండి. నేర్పకపోతే రేపే మీ ఎన్‌ఐసీయూకి వెళ్లి సిస్టర్లను అడగండి, బొమ్మ మీద చూపిస్తారు.

ఇంకా ఎప్పుడు పరిగెత్తాలో కూడా ఇక్కడే చెప్తాను. పాలు తాగడం మానేసినా, వరసగా రెండుసార్లు సగం కూడా తాగకపోయినా. పాప ప్రశాంతంగా ఉన్నప్పుడు పూర్తిగా ఒక నిమిషం లెక్కపెడితే ఊపిరి 60 దాటినా, డొక్కలు ఎగరేస్తున్నా, మూలుగుతున్నా. జ్వరం 37.5 దాటినా, ఎదకు హత్తుకుని గంట గడిచినా 36.5కి రాకపోయినా. ఫిట్స్ వచ్చినా, తాకితే తప్ప కదలకపోయినా. వాంతి ఆకుపచ్చగా ఉన్నా, పొట్ట బిగుసుకుని ఉబ్బినా, మలంలో రక్తం కనిపించినా. బొడ్డు చుట్టూ ఎర్రబడి చీము పట్టినా. అరచేతులు, అరికాళ్లు పచ్చబడినా. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా రేపటిదాకా చూద్దామనుకోకండి. పసిపిల్లల్లో ఇన్ఫెక్షన్ గంటల్లో ముదురుతుంది. దారిలో కూడా పాపను ఎదకు కట్టుకునే వెళ్లండి. కామెర్లకు పొద్దుటి ఎండలో పెడదామని ఎవరైనా అంటే వద్దనండి. పాప చల్లబడుతుంది తప్ప ఎండ ఫోటోథెరపీకి, అంటే ఆసుపత్రిలో దీపాల కింద పెట్టి చేసే చికిత్సకు, సాటి రాదు.

స్నానం, నూనె, సాంబ్రాణి. 2.5 కిలోలు వచ్చి, బొడ్డు ఊడేదాకా తల మీద నుంచి నీళ్లు పోయవద్దు. రోజు విడిచి రోజు, మధ్యాహ్నం గది వెచ్చగా ఉన్నప్పుడు, గోరువెచ్చటి నీళ్లలో ముంచిన మెత్తటి గుడ్డతో ఒక్కో భాగం తుడిచి, తడి ఆర్చి, కప్పి, తర్వాతి భాగానికి వెళ్లండి. నూనె రాయడం తప్పు కాదు. కొబ్బరినూనె అరచేతుల్లో రుద్దుకుని, వెచ్చటి గదిలో ఐదు పది నిమిషాలు మెల్లగా రాయండి, ఇది అత్తగారి చేతుల మీదుగానే జరగనివ్వండి. ముక్కు నొక్కి తీర్చడం, తల గుండ్రంగా రావాలని అదమడం, రొమ్ములు పిండటం, ముక్కులో చెవుల్లో నూనె చుక్కలు, మాడు మీద ఆముదం మర్దన, ఇవేవీ వద్దు. నలుగుపిండి ఈ చర్మానికి గరుకు. సాంబ్రాణి పొగ మాత్రం ఇంట్లో ఏ గదిలోనూ వద్దు, నెల తక్కువ ఊపిరితిత్తులకు ఏ పొగైనా శత్రువే. నాలుకకు వస రాయడం, తేనె నాకించడం, ఆముదం పోయడం, గ్రైప్ వాటర్ కూడా వద్దు. తేనెతో బోట్యులిజం అనే ప్రాణాంతకమైన జబ్బు రావచ్చు, ఏడాది దాకా అది దూరం. కాటుకలో సీసం ఉండొచ్చు, కంటికి పెట్టకండి. దిష్టి అనుకుంటే అరికాలికి చిన్న చుక్క పెట్టుకోనివ్వండి, ఆ మాత్రానికి ఇంట్లో గొడవెందుకు.

పడుకోబెట్టేది వెల్లకిలా, గట్టి పరుపు మీద, దిండు లేకుండా. ఆవాల దిండూ వద్దు. చీర ఉయ్యాలలో ఇంత చిన్న బిడ్డ మెడ ముందుకు వంగి ఊపిరికి అడ్డుపడుతుంది, ఇప్పుడే వద్దు. పాపను ముట్టే ప్రతివాళ్లూ ఉంగరాలు, గాజులు తీసి మోచేతుల దాకా సబ్బుతో నిమిషంపాటు కడుక్కోవాలి. జలుబు ఉన్నవాళ్లు ఎవరైనా సరే దూరం.

డ్రాప్స్ గురించి చాలా ఇళ్లలో చూసే గందరగోళం ఒకటి ఉంది. విటమిన్ డి సాధారణంగా రోజుకు 400 యూనిట్లు ఇస్తారు. అయితే మార్కెట్లో ఒక ఎంఎల్‌కు 400 యూనిట్లవీ, 800 యూనిట్లవీ రెండూ ఉన్నాయి. మందుల షాపులో కంపెనీ మార్చి ఇస్తే అదే ఒక ఎంఎల్ రెట్టింపు మోతాదు అవుతుంది. సీసా మారిన ప్రతిసారీ లేబుల్ చదివి, డాక్టరుకు ఫోటో పంపి అడగండి. ఐరన్ చుక్కలకూ ఇదే మాట.

ఇప్పుడు మీరు అడగనిది, అన్నిటికంటే తొందరగా చేయాల్సినది. పాప కళ్లు. నెల తక్కువ పిల్లల్లో కంటి వెనక రెటీనాకు రక్తనాళాలు పూర్తిగా పెరిగి ఉండవు. బయటికొచ్చాక అవి అడ్డదిడ్డంగా పెరిగితే రెటీనా ఊడి, చూపు శాశ్వతంగా పోయే ప్రమాదం ఉంది. దీన్ని ఆర్‌ఓపీ అంటారు. పైకి చూస్తే కళ్లు మామూలుగానే ఉంటాయి, బిడ్డ మనవైపు చూస్తున్నట్టే ఉంటుంది. మన దేశంలో 2 కిలోల లోపు బరువుతో గానీ, 34 వారాల లోపు గానీ పుట్టిన ప్రతి బిడ్డకూ నెల తిరిగేలోపు ఈ పరీక్ష జరగాలి. మీ పాప రెండు లెక్కల్లోనూ వస్తుంది, ఇవాళ్టికి 22 రోజులు. డిశ్చార్జి కాగితంలో ఆర్‌ఓపీ అని ఎక్కడైనా ఉందేమో ఇప్పుడే చూడండి. ఎన్‌ఐసీయూలో ఉండగానే చేశారేమో, మళ్లీ ఎప్పుడు రమ్మన్నారో కనుక్కోండి. చేయకపోతే ఈ వారమే చేయించాలి.

ఆ విషయంలో బెంగళూరులో ఉండటం మీ అదృష్టం. ఇక్కడి నారాయణ నేత్రాలయ 2008లో కిడ్రాప్ అనే కార్యక్రమం మొదలుపెట్టి, శిక్షణ పొందిన టెక్నీషియన్లను కెమెరాతో కర్ణాటక జిల్లాల్లోని ఎన్‌ఐసీయూలకు పంపి, ఆ ఫోటోలను దూరం నుంచే నిపుణులకు చూపించే పద్ధతి తెచ్చింది. పరీక్షకు ముందు కంటిపాప పెద్దదవడానికి చుక్కలు వేస్తారు, కొన్ని నిమిషాలు పాప బాగా ఏడుస్తుంది. వాంతి కాకుండా గంట ముందే పాలు పట్టేయండి. అయిపోగానే ఎదకు హత్తుకోండి. ఒక్కసారి బాగుందంటే సరిపోదు, రెటీనా పూర్తిగా పెరిగిందని చెప్పేదాకా వారానికో రెండు వారాలకో రమ్మంటారు. ఏ ఒక్కటీ వదలకండి. జబ్బు ముదురుతోందని చెప్తే చికిత్సకు రెండు మూడు రోజులకు మించి సమయం ఉండదు. సకాలంలో లేజర్ చేస్తే చాలామందికి చూపు నిలుస్తుంది.

వినికిడి పరీక్ష కూడా అడగండి. ఎన్‌ఐసీయూలో ఐదు రోజులు దాటి ఉన్న పిల్లలకు ఏబీఆర్ పద్ధతిలో, అంటే శబ్దానికి మెదడు స్పందనను కొలిచే పద్ధతిలో, చేయాలి. మొదటి నెలలో పరీక్ష, లోపముంటే మూడు నెలలకు నిర్ధారణ, ఆరు నెలలకు చికిత్స మొదలవ్వాలి. టీకాలు పుట్టిన తేదీ నుంచే లెక్క, నెల తక్కువని వాయిదా వేయరు. బోర్లా పడటం, కూర్చోవడం లాంటివి మాత్రం పుట్టాల్సిన తేదీ నుంచి లెక్కపెట్టుకోండి.

ఇంటికి నర్సును పెట్టుకుందామా అన్నారు. ఏజెన్సీలు పంపే అందరూ నర్సులు కారు. జీఎన్‌ఎం లేదా బీఎస్సీ నర్సింగ్ చదివిందా, నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉందా, ఎన్‌ఐసీయూలో పనిచేసిందా అని అడగండి. అలాంటి వాళ్లు దొరక్కపోతే పాప పని మీరు, మీ ఆయన, అత్తగారు చూసుకుని, వంటకూ ఇంటిపనికీ మనిషిని పెట్టుకోవడమే మంచిదని నా అభిప్రాయం.

మీ నిద్ర సంగతి నేను మరచిపోలేదు. కాన్పయిన మొదటి రెండు వారాలు ఏడుపు రావడం సహజం. మీకు ఆ రెండు వారాలు దాటాయి. పాప నిద్రపోతున్నా మీకు నిద్ర పట్టకపోతే, పాపకు నేను పనికిరానేమో అనిపిస్తుంటే, మీ డాక్టరుకు చెప్పండి, లేదా 14416కి ఫోన్ చేయండి. అది టెలిమానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ప్రభుత్వానిది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఇది జబ్బు, మందూ మాటా రెండూ ఉన్నాయి. పాప నెల తక్కువగా పుట్టడం మీరు చేసిన దేని వల్లా కాదు.

ఇక ఊరి ప్రయాణం. ఇప్పుడు వద్దు. ఆర్‌ఓపీ పరీక్షలు పూర్తయ్యాయని కంటి డాక్టరు చెప్పాలి, పాప 2.5 కిలోలు దాటాలి, మూడు వారాలుగా బరువు వరసగా పెరుగుతూ ఉండాలి. అప్పటిదాకా బారసాల ఆగుతుంది, మూడో నెలలోనూ ఐదో నెలలోనూ చేసుకునే ఇళ్లు బోలెడు. అత్తగారికి ఇది మీ ఆయనే చెప్పాలి, మీరు చెప్పకండి. వెళ్లే రోజు వచ్చాక రాత్రి ఏసీ స్లీపర్ బస్సు ఎక్కకండి. ఆ చలిలో, దారిలో పాపకు ఏదైనా అయితే ఆపమన్నచోట ఆసుపత్రి ఉండదు. పగటి పూట కారులో, రెండు గంటలకోసారి ఆగి పాలు పట్టుకుంటూ వెళ్లండి. డిశ్చార్జి సమ్మరీ, ఆర్‌ఓపీ కాగితాలు, టీకాల కార్డు ఫోటో తీసి ఇద్దరి ఫోన్లలోనూ పెట్టుకోండి. మన జిల్లా ఆసుపత్రుల్లో నవజాత శిశువులకు ప్రత్యేక చికిత్స విభాగాలు, అంటే ఎస్‌ఎన్‌సీయూలు, ఉన్నాయి. దారిలో ఏ ఊళ్లో ఉన్నాయో బయల్దేరే ముందే కనుక్కుని రాసి పెట్టుకోండి.